ఆకు లేని నెలల వంతు

దుటాకుండ ఊళ్లో ఎవరింట్లో బిడ్డకి పేరు పెడుతున్నా సిర్రెని పిలవక్కర్లేదు. పిలవకపోయినా వస్తుంది. మొగుడి పాత లాగూ తొడుక్కుని, మెడలో ఎండు సొరబుర్రలూ తెగిపోయిన చెప్పూ దండలా వేలాడేసుకుని, మొహానికి బూడిద పులుముకుని మరీ దిగుతుంది. దిగీ దిగగానే పెద్దమనుషులు చుట్టూ కూర్చుని తింటున్న పళ్లెంలో చెయ్యి పెట్టేస్తుంది. ఇమాం గారి వైపున్న చేప తలకాయ ఎత్తుకుపోతుంది. కింద పడిన మెతుకులు ఏరుకుని, దుమ్ముతో సహా నోట్లో వేసుకుని, "అబ్బ, ఉప్పు సరిపోయింది" అంటుంది. ఒక్కళ్లు తిట్టరు. తిట్టకూడదు. ఆవిడ కన్యెలెంగ్.

కన్యెలెంగ్ అంటే బిడ్డలు దక్కని ఆడది. మొదటి బిడ్డ పోతే ఏడుస్తారు. రెండో బిడ్డ పోతే తాయెత్తులు కట్టించుకుంటారు. మూడో బిడ్డ కూడా పోయాక ఇంక ఏడవటానికి ఓపికుండదు, సిగ్గుపడటానికి ఏమీ మిగలదు. అప్పుడు వెళ్లి కన్యెలెంగుల జట్టులో చేరతారు. చేరాక మర్యాద మానెయ్యాలి. బూతులు పాడాలి, ఎంగిలి తినాలి, మగాళ్లని ఏడిపించాలి. చావుకే అసహ్యం పుట్టేలా బతకాలన్నమాట. ఈ వెకిలిదాని కడుపున పుట్టింది నాకెందుకులే అని అది దారి మార్చుకుని పోవాలి.

సిర్రె పెద్దబిడ్డ పళ్లు వచ్చేదాకా ఉంది. రెండోది నవ్వటం నేర్చుకునేదాకా ఉంది. మూడోవాడు పేరు పెట్టేదాకా కూడా ఆగలేదు. ఆ తర్వాతే సిర్రె లాగూ తొడిగింది. అంతకుముందు ఎవరన్నా గట్టిగా నవ్వితే తలొంచుకునే మనిషిట. ఇప్పుడా మాట చెబితే ఊళ్లో పిల్లలు నమ్మరు.

ఆవిడకి కావలసింది ఒక్కటే. ఒక బిడ్డ బతకాలి. నల్లగా పుట్టనీ, మెల్లకన్నుతో పుట్టనీ, ఊరందరి చేతా పెంటకుప్ప అని పిలిపించుకోనీ. బతికితే చాలు.

ఊరికి ఆవల, తారురోడ్డు పక్కన ఒక పరిశోధన కేంద్రం ఉంది. అక్కణ్ణుంచి యాంకుబా అనే కుర్రాడు మోటార్ సైకిల్ మీద మంచు డబ్బా కట్టుకుని వస్తుంటాడు, ఆడవాళ్ల దగ్గర రక్తం తీసుకుపోవటానికి. వాళ్ల ఊరికీ సిర్రె పుట్టిన ఊరికీ తాతల నాటి వేళాకోళపు చుట్టరికం ఉంది. ఒకళ్లనొకళ్లు ఎంత మాటన్నా అనుకోవచ్చు, కోపం మాత్రం తెచ్చుకోకూడదు. అందుకే బండి చప్పుడు వినపడగానే సిర్రె గుమ్మంలోకి వచ్చేసేది.

"వచ్చావుట్రా నా బానిసా! మా ఊరికి దోమలు చాల్లేదని నిన్ను కూడా పంపారా?"

"దోమ చెప్పకుండా తాగుతుంది తల్లీ. నేను వేలిముద్ర వేయించుకుని మరీ తాగుతాను."

"తాగిందంతా ఎక్కడికి పోతోందిరా? ఆ ఒళ్లు చూడు, ఎండుచేపకి చొక్కా తొడిగినట్టు!"

ఆ ఏడు వేరుశనగ అమ్మకాలు అయిపోయాక, యాంకుబా ఊళ్లో ఆడవాళ్లందర్నీ బావి దగ్గర పాక కింద కూర్చోబెట్టాడు. అసలు ఈ రక్తం ఎందుకు తీసుకుంటున్నామో చెప్పమని పైవాళ్లు పంపారట. అతనికేమో ఇంగ్లీషు మాటలు వచ్చుగానీ వాటికి ఊళ్లో మాట్లాడే మండింకాలో మాటల్లేవు. కాసేపు బుర్ర గోక్కుని మొదలెట్టాడు.

"చూడండమ్మా. బిడ్డ ఒళ్లు ఒక పెద్ద లోగిలి అనుకోండి. అందులో బోలెడు గదులు. అవి తాతముత్తాతలు ఇచ్చినవి, వాటిని జన్యువులంటారు. గదుల్ని మనం మార్చలేం. కానీ ఏ గది తలుపు తీసుంచాలి, ఏ తలుపుకి గొళ్లెం పెట్టాలి, అది మాత్రం బిడ్డ కడుపులో పడిన మొదటి రోజుల్లోనే తేలిపోతుంది. ఇంకా కడుపొచ్చిందని తల్లికే తెలీదు, అప్పటికే గొళ్లేలు పడిపోతాయి."

"గొళ్లేలు ఎవరు బిగిస్తారు? నువ్వా?" అంది సాలిమాటు. కన్యెలెంగ్ జట్టుకి పెద్ద ఆవిడే. నోట్లో పళ్లు లేకపోయినా మాటలకి మాత్రం పదును ఎక్కువ.

"తల్లి తిన్న తిండి బిగిస్తుంది. ముఖ్యంగా ఆకుకూరలు. ఆకుల్లో గొళ్లేలు చెయ్యటానికి కావలసిన సరుకుంటుంది. వానల్లో కడుపున పడ్డ బిడ్డల్నీ ఎండల్లో పడ్డ బిడ్డల్నీ చూశాం. గొళ్లేలు వేరేవేరేగా ఉన్నాయి."

"అయితే మా ఆయన ఎండల్లో కడుపున పడుంటాడు. నోటికి గొళ్లెం లేదు!" అంది వెనకనుంచి ఒకావిడ.

పాకంతా నవ్వులే. సిర్రె ఒక్కతే నవ్వలేదు. వేళ్లు మడుస్తోంది. పెద్దది ఎప్పుడు పడింది? వేరుశనగ అమ్మాక. రెండోది? బావి అడుగంటి నీళ్లు ఉప్పగా మారిన నెలలో. మూడోవాడు? ఎండలే. ముగ్గురూ ఆకు లేని నెలల్లోనే.

"ఒరే, ఎండబెట్టిన బాఒబాబు చెట్టు ఆకు పొడి ఉంటుందిగా ఇంట్లో. అది పనికిరాదా?" అనడిగింది.

"ఎండలో చాలావరకు పోతుందంటారు. పచ్చాకు వేరు." యాంకుబా ఆవిడ మొహం చూసి ఆగాడు. ఈసారి వేళాకోళం లేకుండా అన్నాడు. "సిర్రే, విను. తేడా ఉందని చూశాం, అంతే. ఆ తేడా వల్లే ఒకళ్లు బతుకుతారని, ఇంకొకళ్లు పోతారని ఎవరూ చెప్పలేదు. అది మాకూ తెలీదు. అదే వెతుకుతున్నాం."

ఈ రెండో మాట సిర్రె విందో లేదో దేవుడికెరుక. ముగ్గుర్ని పాతిపెట్టిన మనిషికి ఒక కారణం దొరికితే, దాని వెనకాల తోకలా వచ్చే 'కానీ'లు కనపడవు.

ఆ ప్రాంతంలో ఏడాది తిరిగే తీరు కూడా వింతగానే ఉంటుంది. ఎండల్లో గాదెల నిండా గింజలుంటాయి. అన్నం తెల్లగా, వేరుశనగ పులుసు చిక్కగా ఉంటాయి. పచ్చటిదన్నది మాత్రం కంటికి కనపడదు. పెళ్లిళ్లన్నీ అప్పుడే, కడుపులూ ఎక్కువగా అప్పుడే. వానలొచ్చేసరికి గాదె అడుగు కనపడుతుంది. అప్పుడు పొలంగట్టు మీది గోంగూర, చిలగడదుంప ఆకు, మునగాకు, ఏది దొరికితే అది గుప్పెడు నూకలతో కలిపి ఉడకేసుకుంటారు. వానాకాలం కూడంటే పేదరికానికి ఇంకో పేరు. ఆ నెలల్లో పళ్లెం పచ్చగా, పొట్ట ఖాళీగా ఉంటాయి. బుద్ధున్న ఏ ఆడదీ కోరి అప్పుడు కడుపు తెచ్చుకోదు.

సిర్రె తెచ్చుకుందామనుకుంది.

దానికొక అడ్డముంది. ఆవిడ మొగుడు డెంబో నెమ్మదైన మనిషి, వేరుశనగ చేనే అతని లోకం. కిందటేడు అతనికి రెండో పెళ్లి చేశారు, ఇంట్లో ఊయల ఊగాలని తల్లి టెనెంగ్ పట్టుబట్టి చేయించింది. కొత్తపెళ్లాం పేరు నానో. ఏటి ఒడ్డు పిల్ల, మడచెట్ల వేళ్లకి పట్టే ఆల్చిప్పలు కోసుకొస్తుంది, రోజంతా కూనిరాగం తీస్తూనే ఉంటుంది. ఇద్దరు పెళ్లాలున్న ఇంట్లో వంతులుంటాయి. రెండ్రోజులు ఒకరివి, రెండ్రోజులు ఇంకొకరివి. వంతు ఎవరిదైతే వంట వాళ్లదే, పడకా వాళ్లదే. వంతు వద్దంటే మొగుణ్ణి వద్దన్నట్టే. ఆ మాట అత్త చెవిన పడితే పుట్టింటికి సాగనంపుతుంది.

సిర్రె వెళ్లి సాలిమాటుతో చెప్పుకుంది. మర్నాడు పొద్దున డెంబో పళ్లు తోముకుంటూ బయటికొచ్చేసరికి వాకిట్లో కన్యెలెంగులు దిగిపోయి ఉన్నారు. ఒకత్తి డబ్బా వాయిస్తోంది, ఒకత్తి అతని టోపీ లాక్కుని మేక నెత్తిన పెట్టింది. సాలిమాటు నడుం తిప్పుతూ పాట ఎత్తుకుంది.

"డెంబో లాగూకి బొందెక్కడ? సిర్రె మెళ్లో దండైంది!
ఆకు చిగిర్చేదాకా, సిర్రె గుమ్మం తొక్కమాక!"

"ఏంటమ్మా ఇది, పొద్దున్నే!" అన్నాడు డెంబో, నోట్లో పుల్లతోనే.

"జట్టు కట్టుబాటు నాయనా. సిర్రెకి మొక్కు పడింది. వానలు పడి ఆకు చిగిర్చేదాకా దాని గుమ్మంలోకి రాకూడదు. వచ్చావో, ఈ పాట సంతలో పాడతాం. ఇంకా రెండు చరణాలున్నాయి, వినిపించమంటావా?"

"వద్దు తల్లీ, వద్దు!"

చుట్టూ చేరిన జనం పడీ పడీ నవ్వారు. నానో కూడా ఆల్చిప్పల బుట్ట దించి, నోటికి చెంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. యాంకుబా పాక కింద మాట్లాడిన రోజున ఆ పిల్ల ఏట్లో ఉంది. గొళ్లేల సంగతి దానికి తెలీదు.

ఆ సాయంత్రం సిర్రె దగ్గరికొచ్చి కూర్చుంది. "అక్కా, నిజంగా నీ వంతులన్నీ నాకే ఇచ్చేస్తున్నావా?"

"నీకు కాక పక్కింటావిడకిస్తానా?"

"నాకు మంచిదే అనుకో. అత్తయ్య రోజూ నా పొట్ట వంక చూస్తోంది." సిగ్గుపడింది. "నువ్వు దేవతవి అక్కా."

"దేవతలు మొగుడి లాగూ వేసుకోరే పిచ్చిదానా. పో, పొయ్యి మీద అడుగంటుతోంది."

మర్నాడు నానో మంచి ఆల్చిప్పలు ఏరి, వేరుశనగ పులుసులో వండి, సిర్రెకని వేరే గిన్నెలో తెచ్చిపెట్టింది. ఇంట్లో వేరే గిన్నె పెట్టటమంటే పెద్ద మర్యాద. సిర్రె తింది. బాగుంది. గిన్నె అడుగు కూడా నాకింది.

చెప్పాలని ఆవిడకి అనిపించలేదా అంటే, అనిపించింది. చెబితే నానో కూడా వంతు వద్దంటుంది. ఇద్దరూ వద్దంటే డెంబో నోరు మూసుకున్నా టెనెంగ్ మూసుకోదు. ఎవరో ఒకరు ఆ నెలలు మోయాలి. 'అది కుర్రది, గట్టిది, దానికేం కాదులే' అనుకుంది సిర్రె.

వానలు ఇంకా రాకముందే నానో పుల్లటివి అడగటం మొదలెట్టింది. టెనెంగ్ ఊరంతా చెప్పుకొచ్చింది. సిర్రె కూడా డబ్బా వాయించింది. వాయించి, ఆ మధ్యాహ్నమే తారురోడ్డు దాకా నడిచి యాంకుబాని పట్టుకుంది.

"ఒరే, కడుపొచ్చాక ఆకు పెడితే లాభం ఉంటుందా?"

"ఎవరికి?"

"ఎవరికైతే నీకెందుకురా?"

"ఆకుకూర ఎప్పుడైనా మంచిదే. తల్లికి రక్తం పడుతుంది. కానీ నేను చెప్పిన గొళ్లేలు మాత్రం..." చెయ్యి అడ్డంగా ఊపాడు. "అవి మొదట్లోనే పడిపోతాయి సిర్రే."

తిరిగొచ్చేటప్పుడు మసీదు పెరట్లో మునగచెట్టు కనపడింది. ఊళ్లో ఆ ఎండల్లో ఆకు నిలిచినది అదొక్కటే, ఇమాం గారు నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని వజూ చేసుకున్న నీళ్లు దానికే పోతాయి మరి. సిర్రె గోడెక్కింది. ఇమాం గారు బయటికొచ్చేసరికి కొమ్మ మీద లాగూ కనపడింది.

"దిగవే దయ్యమా! అది మసీదు చెట్టు!"

"దేవుడే ఎక్కమన్నాడు ఇమాం గారూ, మీతో చెప్పటం మర్చిపోయినట్టున్నాడు!"

ఆ ఆకంతా నానోకి వండిపెట్టింది. పక్కన కూర్చుని కుక్కి కుక్కి తినిపించింది. "ఏంటక్కా, నన్ను మేకననుకున్నావా?" అని నానో నవ్వితే, "తినవే, మాట్లాడకు" అని కసిరింది. వారానికోసారి దొంగతనం. ఇమాం గారు చివరికి చెట్టుకి ముళ్లకంప కట్టారు. ఆ కంప గీరుకున్న గీతలు సిర్రె కాళ్ల మీద ఇప్పటికీ ఉన్నాయి.

ఆ తర్వాత వానలు పడ్డాయి. గట్లన్నీ పచ్చగా లేచాయి. సిర్రె వంతులు మళ్లీ మొదలయ్యాయి. ఇంక ఆవిడ తిన్న తీరు చెప్పుకోవాలి. వరిమడిలో కలుపు తీస్తూ గోంగూర పచ్చిదే నమిలేది. చిలగడదుంప ఆకు ఉడకబెట్టుకుని ఆ నీళ్లు కూడా తాగేది. పళ్లు ఆకుపచ్చగా తిరిగాయి. అన్నం చాలక కళ్లు తిరిగి మడిలో కూలబడేది, లేచి మళ్లీ ఆకు కోసుకునేది.

"మేకల్ని కట్టేసి దీన్ని వదిలేశాం" అనేది టెనెంగ్. "ఆకలి నెలల్లో కడుపు కావాలిట! గాదె నిండుగా ఉన్నప్పుడు మొక్కులు, ఎలకలు కూడా వలస పోయినప్పుడు కాపురం!"

ఆ వానల్లోనే సిర్రెకి కడుపొచ్చింది.

వేరుశనగ తవ్వకాలయ్యాక నానో మగబిడ్డని కంది. ఏడోరోజున తల గొరిగి ఫోడే అని పేరు పెట్టారు, డెంబో తండ్రి పేరు. మంచి పేరు, పెద్దమనిషి పేరు. సిర్రె బూడిద పూసుకుని వచ్చి పళ్లెంలో చెయ్యి పెట్టింది, ఎగిరింది, అందర్నీ నవ్వించింది. మధ్యలో ఒకసారి బిడ్డని చేతుల్లోకి తీసుకుంది. తేలిగ్గా ఉన్నాడు. ఆ తేలిక ఆవిడ చేతులకి తెలుసు, ఇంతకుముందు ఎత్తుకున్న తేలికే. వెంటనే తల్లికిచ్చేసి, ఇంకా గట్టిగా పాడటం మొదలెట్టింది.

ఎడారి నుంచి దుమ్ముగాలి దిగింది. ఊరంతా దగ్గే. ఫోడేకి కూడా దగ్గొచ్చింది. డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీశాడు. బండి మాట్లాడి ఆసుపత్రికి తీసుకెళ్లారు, సూదులు వేశారు, ఇంటికి తెచ్చారు, మళ్లీ తీసుకెళ్లారు. రెండోసారి తిరిగొచ్చేటప్పుడు డెంబో ఒళ్లో గుడ్డ కప్పి ఉంది. ఆ మధ్యాహ్నమే మగాళ్లు తీసుకెళ్లి పూడ్చి వచ్చారు.

ఆకు లేక పోయాడా, గాలి వల్ల పోయాడా, దగ్గు ముదిరి పోయాడా? అదే దగ్గుకి ఆ నెల ఊళ్లో వానల్లో కడుపున పడ్డ బిడ్డ కూడా ఒకటి పోయింది. ఆ సంగతి సిర్రెకి తెలుసు. తెలిసినా ఉపయోగం లేకపోయింది.

నానో కూనిరాగం ఆగిపోయింది. ఏటికి పోవటం మానేసింది. సిర్రె పొట్ట ముందుకొస్తోంది, నానో దాని వంక చూడకుండా పక్కన్నుంచి పోయేది. ఒకరోజు ఇద్దరూ విత్తనానికి వేరుశనగ కాయలు ఒలుస్తున్నారు.

"అక్కా, ఒకటడగనా?"

"అడుగు."

"ఆరోజు మీవాళ్లు పాట పాడారు. ఆకు చిగిర్చేదాకా అన్నారు. వాన పడేదాకా అనొచ్చుగా. విత్తనం వేసేదాకా అనొచ్చుగా. ఆకు అని ఎందుకన్నారు?"

సిర్రె చేతిలో కాయ చిట్లలేదు. దాన్ని పక్కన పెట్టి మొత్తం చెప్పింది. లోగిలి, గదులు, గొళ్లేలు, ఆకు, తన ముగ్గురు బిడ్డలు, మునగచెట్టు.

నానో ఇంకో గుప్పెడు కాయలు ముందుకు లాక్కుంది. తర్వాత అంది. "యాంకుబా ఖాయంగా చెప్పాడా?"

"లేదు. తెలీదన్నాడు."

"నువ్వు నమ్మావా?"

"నమ్మాను."

"నమ్మే ఇచ్చావు, నాకు."

"ఇచ్చాను."

అంతే. నానో కాయలు తీసుకుని లోపలికెళ్లిపోయింది. అరవలేదు, జుట్టు పట్టుకోలేదు, అత్తకి చెప్పలేదు. అరిచి ఉంటే సిర్రెకి బాగుండేది. తిట్లకి ఎలా బదులు చెప్పాలో ఆవిడకొచ్చు.

మామిళ్లు పండే నెలలో సిర్రెకి నొప్పులొచ్చాయి. ఆడపిల్ల పుట్టింది. బరువుగా, గట్టిగా, పుట్టగానే ఇల్లెగిరిపోయేలా ఏడ్చింది. మంత్రసాని "ఇది ఊరినే తినేస్తుంది" అంది. సిర్రె చూడగూడదన్నట్టు మొహం తిప్పుకుంది. కన్యెలెంగ్ తన బిడ్డని చూసి మురవకూడదు. చావు గుమ్మంలోనే కూర్చుని ఉంటుంది, తల్లి మొహమే చూస్తూ ఉంటుంది.

పేరు పెట్టే రోజు వచ్చింది. కన్యెలెంగ్ బిడ్డకి ఆ రోజు జరిగే తంతు వేరు. బిడ్డని పాత చేటలో వేసి, ఊరవతల పెంటకుప్ప మీద పారేసి రావాలి. తల్లి వెనక్కి చూడకుండా నడిచిపోవాలి. జట్టులో ఒకత్తి దారిన పోయేదానిలా వచ్చి, "ఎవరిదీ చెత్త? ఎవరికీ అక్కర్లేదా? అయితే నాది!" అని ఎత్తుకోవాలి. అప్పుడు తల్లి పరాయిదానిలా ఎదురొచ్చి, "అమ్మా, నీ బిడ్డకి నా పాలు పట్టనా?" అనడగాలి. ఎత్తుకున్నావిడ కాసేపు బెట్టు చేసి, "సర్లే, నువ్వే పెంచిపెట్టు" అని ఇచ్చెయ్యాలి. దాంతో ఆ బిడ్డ ఎవరిదో చావుకి అంతుపట్టదు. ఎత్తుకునే పని సాలిమాటుది. ఆవిడ ముందురోజు నుంచే బెట్టు చెయ్యటం సాధన చేస్తోంది.

సిర్రె చేట దించింది. తిరిగి నడిచింది. వెనకాల డబ్బాలు మోగుతున్నాయి, ఆడవాళ్లు నవ్వుతున్నారు. ఉన్నట్టుండి నవ్వులు ఆగాయి.

"ఎవరిదీ చెత్త?"

సాలిమాటు గొంతు కాదు. సిర్రె వెనక్కి తిరిగింది. తిరగకూడదు, అయినా తిరిగింది. పెంటకుప్ప మీద మోకాలి దాకా బూడిదలో నానో నిలబడుంది. బిడ్డని గుండెకి పట్టుకుని ఉంది.

"ఎవరికీ అక్కర్లేదా?" అంది నానో, సిర్రె కళ్లలోకే చూస్తూ. "అయితే నాది."

జనం మళ్లీ నవ్వటం మొదలెట్టారు. సవతే ఎత్తుకుంది, ఇంకా మంచిదనుకున్నారు. సిర్రె దగ్గరికొచ్చింది. మాట తప్పకుండా అడిగింది. "అమ్మా, నీ బిడ్డకి నా పాలు పట్టనా?"

"పట్టు."

ఆ తర్వాతి మాట కోసం అందరూ చూశారు. సాలిమాటు కళ్లతో సైగ చేసింది. నానో అంది, "పాలు నీవి. పెంపకం నాది."

"ఏంటే నువ్వనేది?" సాలిమాటు ముందుకొచ్చింది. "తంతు అలా కాదు. ఇచ్చెయ్యాలి."

"పారేసింది తను. ఎత్తుకుంది నేను. ఇందులో తప్పేముందో చెప్పు."

టెనెంగ్ అటూ ఇటూ చూసి, "ఎత్తుకున్నదానిదే బిడ్డ, మా అమ్మమ్మ కాలంలో అలా అట్టే పెట్టుకున్నవాళ్లున్నారు" అంది. డెంబోకి ఒకే ఇల్లు, ఒకే లోగిలి. పిల్ల ఏ గదిలో ఏడిస్తే ఏంటనుకుని చేను వైపు చూశాడు.

సాలిమాటు సిర్రె చెవిలో అంది, "లాక్కుందామా? నువ్వు ఊ అను. పదిమందిమి ఉన్నాం."

సిర్రె తల అడ్డంగా ఊపింది. "లాక్కుంటే, అది నాదని చావుకి తెలిసిపోతుంది."

పేరు సుంటుకుంగ్ అని పెట్టారు. పెంటకుప్ప అనే అర్థం. ఆ పేరు మాత్రం సిర్రె ముందే అనుకున్నది.

పిల్లకి ఆకలేసినప్పుడు నానో తెచ్చి సిర్రె ఒళ్లో పడుకోబెట్టేది. తాగటం అవ్వగానే తీసుకెళ్లిపోయేది. మధ్యలో పలకరింపు ఉండేది కాదు. పిల్ల రెండు వానలు దాటింది. దగ్గొచ్చింది, పోయింది. జ్వరమొచ్చింది, పోయింది. నడిచింది. నానోని అమ్మా అంది. సిర్రెని మాత్రం ఊళ్లో పిల్లలందరూ పిలిచినట్టే "లాగూ సిర్రే!" అని పిలిచి, పకపకా నవ్వి పారిపోయేది. నానో మళ్లీ ఏటికి పోవటం మొదలెట్టింది. కూనిరాగం మాత్రం పిల్లని నిద్రపుచ్చేటప్పుడే తీసేది. సిర్రె గదికీ ఆ గదికీ మధ్య ఒక్క మట్టిగోడే అడ్డం.

యాంకుబా ఒకసారి పిల్లని చూసి, "దీని రక్తం ఇప్పించు సిర్రే, వానల్లో పడ్డది కదా" అన్నాడు.

"వాళ్లమ్మనడుగు" అంది సిర్రె. వేళాకోళమనుకుని అతను నవ్వాడు. వాళ్ల మధ్య కోపం ఉండకూడదు కాబట్టి ఆవిడ కూడా నవ్వింది.

మళ్లీ ఆకలి నెలలొచ్చాయి. ఇంటిల్లిపాదికీ ఒకటే పళ్లెం. ఆ రోజు వంతు నానోది, గోంగూర వండింది. పళ్లెం ఒకటే అయినా ఎవరి ముందున్నది వాళ్లు తింటారు, ఏదన్నా మంచి ముక్కుంటే పిల్లల వైపు తోస్తారు. సిర్రె తన ముందున్న ఆకు ముద్ద చేసి, నెమ్మదిగా, ఎవరూ చూడట్లేదనుకుని, సుంటుకుంగ్ వైపు తోసింది. పిల్ల చెయ్యి చాపింది.

నానో రెండు వేళ్లతో ఆ ముద్దని వెనక్కి తోసేసింది. తన ముందున్న ఆకు తీసి పిల్ల నోట్లో పెట్టింది.

ముద్ద మళ్లీ సిర్రె ముందుకొచ్చి ఆగింది. కన్యెలెంగ్ ఏది ముందుంటే అది తింటుంది. తినేసింది.